తడి బయటికి పోయే దారి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆదివారం ఉదయం నివాసులతో జరిగిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడినది ఇరవై ఆరేళ్లుగా వాషింగ్ మెషిన్లు, డ్రయ్యర్లు బాగుచేస్తున్న మెకానిక్.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మన ఊళ్లో డ్రయ్యర్ అంటే ఇద్దరు రెండు వస్తువులు అనుకుంటారు. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో పక్కన చిన్న డ్రమ్ము ఉంటుంది కదా, బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు పిండేది, దాన్నీ డ్రయ్యర్ అనే అంటాం. అది పిండుతుందే కానీ ఆరబెట్టదు. నేనివాళ చెప్పేది విడిగా ఉండే డ్రయ్యర్ గురించి. లోపల హీటర్ ఉండి, వేడిగాలిలో బట్టల్ని దొర్లించి, పూర్తిగా ఆరబెట్టి ఇచ్చేది. ఈ బిల్డింగ్‌లోనే పదకొండు ఉన్నాయని మీ సెక్రటరీగారు చెప్పారు. అందులో ఏడింటి మీద ఒకటే ఫిర్యాదు: రెండు గంటలు తిరిగినా బట్టలు తడిగానే ఉంటున్నాయి.

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు ఎక్కువమంది నన్ను అడిగేది ఒక్కటే, 'హీటర్ పోయిందా?' అని. పోదని కాదు, పోతుంది. కానీ ఇన్నేళ్లలో నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు మెషిన్ బాగానే ఉంది. దాని వెనకున్న పైపు బాగాలేదు.

పని ఎలా జరుగుతుందో ఒక్కసారి మనసులో ఊహించుకోండి. మెషిన్ గదిలో గాలిని పీల్చుకుంటుంది. హీటర్ మీదుగా పంపి వేడిచేస్తుంది. ఆ వేడిగాలి డ్రమ్ములో బట్టల మధ్య నుంచి వెళ్తూ తడిని తనలోకి తీసుకుంటుంది. తర్వాత నూగు పట్టే జాలీ దాటి, ఫ్యాను గుండా, పైపులోంచి బయటికి పోవాలి. అంటే తడి ఎక్కడికీ మాయమైపోదు. నీళ్ల బిందెని మోసినట్టు గాలి మోసుకెళ్తుంది. మోసేవాడు తలుపు దగ్గర ఆగిపోతే వెనక ఉన్న నీళ్లు ఎవరు మోస్తారు?

ఎంత నీళ్లో తెలుసా? పొడిగా ఉన్నప్పుడు 5 కిలోలు తూగే బట్టల్ని ఉతికి, నిమిషానికి 1400 చుట్ల వేగంతో స్పిన్ చేస్తే వాటిలో ఇంకా సుమారు రెండున్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. 800 మీద స్పిన్ చేస్తే మూడున్నర లీటర్ల దాకా. లీటరు నీటిని ఆవిరి చేయడానికి కనీసం యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటు కావాలి. అది ప్రకృతి పెట్టిన ఖర్చు, ఏ కంపెనీ మెషినైనా ఈ రకంలో తగ్గించలేదు. రెండు కిలోవాట్ల హీటర్ అయితే ఒక్క లీటరుకు ఇరవై నిమిషాలు. కాబట్టి 'నా మెషిన్ నెమ్మది' అనే ముందు స్పిన్ ఎంత మీద పెడుతున్నారో చూసుకోండి. 800 నుంచి 1400కు మారిస్తే ఒక లీటరు నీళ్లు డ్రయ్యర్ దాకా రాకుండా డ్రెయిన్‌లోనే పోతాయి. పైసా ఖర్చు లేని మరమ్మతు ఇది. పట్టుచీరలకీ పల్చటి బట్టలకీ మాత్రం అంత వేగం వద్దు.

మూడు లీటర్లకు గంట నుంచి గంటన్నర పట్టడం న్యాయమే. మూడు గంటలు పడితే ఎక్కడో గాలి ఆగింది.

'మన ఊరి తేమ వల్లేమో' అంటారు చాలామంది. సముద్రం పక్కన ఉన్నాం, బీచ్ రోడ్డులో బాల్కనీలో ఆరేస్తే బట్ట ఆరినా జిగటగానే ఉంటుంది, అది నిజం. కానీ డ్రయ్యర్ విషయంలో తేమ మీద నేరం మోపడం అన్యాయం. లెక్క చెప్తాను, వినండి. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. వానాకాలంలో మన దగ్గర అందులో 24 గ్రాములు ముందే నిండి ఉంటుంది. ఇంక ఆరు గ్రాములే చోటు. అందుకే తాడు మీద బట్ట ఆరదు. అదే గాలిని 60 డిగ్రీలకు వేడిచేస్తే దాని సామర్థ్యం సుమారు 130 గ్రాములకు పెరుగుతుంది. ముందే ఉన్న 24 పోయినా ఇంకా వందకు పైగా చోటుంది. ముసురు పట్టిన రోజున కూడా డ్రయ్యర్ ఆరబెట్టగలుగుతున్నది ఇందుకే.

మరి తేడా ఎక్కడ వస్తోంది? మీ వాష్ ఏరియాలో. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు అది తెరిచి ఉండేది. ఉప్పుగాలి, వాన జల్లు, పావురాలు పడలేక దానికి గ్లాసు స్లైడింగ్ పెట్టించారు. తప్పులేదు, మా ఇంట్లోనూ పెట్టించాం. అయితే డ్రయ్యర్ పైపు అక్కడే, ఆ గ్లాసు లోపలే వదిలేశారు. ఆరడుగులకు ఐదడుగులు, పదడుగుల ఎత్తు అనుకుంటే దాదాపు ఎనిమిదిన్నర ఘనపు మీటర్ల గాలి. వానాకాలంలో ఆ గది గాలిలో ఇంక పట్టే నీళ్లు యాభై గ్రాములు. అంటే టీ గ్లాసులో సగం. అందులోకి మీరు మూడు లీటర్లు పంపుతున్నారు! కాసేపటికి మెషిన్ తను వదిలిన ఆవిరినే మళ్లీ పీల్చుకుంటుంది. మిగతాది గోడ మీద, గ్లాసు మీద చెమటలా కారుతుంది. మూడు నెలలకు గోడ మూల నల్లగా బూజు పడుతుంది. పెయింటర్‌ని పిలిచి రంగు వేయిస్తారు. రంగు మళ్లీ ఊడుతుంది. గోడకేం జబ్బు లేదమ్మా, దాని మీద రోజూ నీళ్లు పోస్తున్నాం, అంతే.

ఇంకో సంగతి. గాలి బయటికి పోవాలంటే లోపలికీ రావాలి. పెద్ద మెషిన్లు నిమిషానికి 100 ఘనపు అడుగులకు పైగా గాలి బయటికి తోస్తాయి. ఇందాక చెప్పిన వాష్ ఏరియా మొత్తం 300 ఘనపు అడుగులు. మూడు నిమిషాల్లో గది గాలంతా అయిపోతుంది. అన్ని తలుపులూ బిగించేస్తే ఫ్యాను గింజుకుంటుంది. ఎదురు వైపు కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంచండి.

ఇప్పుడు పైపు దగ్గరికి వద్దాం.

నాలుగు అంగుళాల పైపు పెట్టమని మెషిన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది. గోడకున్న కన్నం చిన్నదని మూడు అంగుళాల పైపు పెట్టి రిడ్యూసర్ బిగిస్తారు. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ అంతే గాలి మూడు అంగుళాల పైపులోంచి పోవాలంటే నాలుగు రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. మెషిన్‌లో ఉన్న చిన్న ఫ్యానుకు అంత శక్తి లేదు. కన్నం పెద్దది చేయించండి, ఒకరోజు దుమ్ము భరిస్తే సరిపోతుంది.

పొడవు కూడా లెక్కే. అమెరికా ఇళ్ల కోడ్‌లో ఒక లెక్క ఉంది. పైపు మొత్తం 35 అడుగులు దాటకూడదు, తొంభై డిగ్రీలు తిరిగే ఒక్కో ఎల్బోకు, అంటే పైపు మలుపుకు, అందులోంచి ఐదడుగులు తీసేయాలి. మన దగ్గర వాడే చిన్న మెషిన్లకు పుస్తకంలో ఇంకా తక్కువ రాసి ఉంటుంది, అప్పుడు ఆ పుస్తకం మాటే వినాలి. నేను గమనించమనేది ఎల్బో సంగతి. ఒక్క మలుపు ఐదడుగుల పైపుతో సమానం. మీ నాలుగో అంతస్తులో ఒకరింట్లో నిన్న చూశాను, పైపు ఉన్నది ఆరడుగులే, మలుపులు నాలుగు. బట్టలు ఆరట్లేదంటే ఆరవు మరి.

ముడతల పైపు గురించి గట్టిగా చెప్పాలి. కొట్లో వాళ్లు పలచటి ఫాయిల్ హోస్ ఇస్తారు, లాగితే సాగేది. దాన్ని పూర్తిగా సాగదీయకుండా, ఎనిమిదడుగుల హోస్ రెండడుగుల చోటులో కుక్కి, మెషిన్‌ని గోడకు నెట్టేస్తారు. హోస్ వెనక నలిగి చపాతీలా అయిపోతుంది. నలగకపోయినా ప్రతి ముడతలో నూగు నిలుస్తుంది, తడి నూగు మీద ఇంకా నూగు పట్టుకుంటుంది. ఉన్నంతలో గట్టి అల్యూమినియం పైపు మంచిది. జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన ఇనుప రేకు, కూడా గట్టిదే, కానీ మన ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది, లోపల గరుకైతే నూగుకు పండగే. జాయింటుకు అల్యూమినియం టేపు, క్లాంపు వాడండి. స్క్రూ కొట్టకండి. స్క్రూ కొన లోపలికి పొడుచుకుని ఉంటే తుమ్మముల్లుకు దూది తగులుకున్నట్టు నూగంతా దానికే తగులుకుంటుంది.

(ఒక నివాసి: 'మాకు ప్లంబర్ పీవీసీ పైపు పెట్టాడండీ, డ్రైనేజీకి వాడేది. అది గట్టిదే కదా?')

గట్టిదే సార్, కానీ వేడిగాలికి అది తగదు. మెత్తబడుతుంది, లోపల నూగుకు నిప్పంటుకుంటే పైపు కూడా కాలుతుంది. మార్చేయండి. వాయిదా వేయకండి.

బయట, గోడ చివర ఏముందో ఎప్పుడైనా చూశారా? దోమల జాలీ. దోమలొస్తాయని మెష్ బిగిస్తారు, పావురాలొస్తాయని వల కడతారు. రెండు నెలల్లో ఆ మెష్ మీద నూగు కంబళిలా పేరుకుంటుంది. గాలి పోయే దారిని మనమే దుప్పటితో కప్పినట్టు. మెష్ తీసేసి, గాలి తోస్తే తెరుచుకుని ఆగితే మూసుకునే రేకు మూత పెట్టించండి. ఆ మూత నెలకోసారి వేలితో కదిపి చూడండి, ఉప్పుకు బిగుసుకుపోతుంది. మధ్యాహ్నం పూట సముద్రపు గాలి ఎదురుగా కొట్టే వైపు పైపు నోరుంటే ఆ మూత సరిగా తెరుచుకోదు. ఉదయం బాగా ఆరుతున్నాయి, మధ్యాహ్నం ఆరట్లేదు అని లాసన్స్ బే కాలనీలో ఒకావిడ చెబితే మొదట నాకూ అర్థం కాలేదు. డాబా మీదికెళ్లి గాలి ముఖానికి తగిలాక తెలిసింది. నోరు కిందికి తిరిగిన హుడ్ పెట్టాం, సరిపోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది కదా. ఆ రోజు పైపు లోంచి నీళ్లు వస్తున్నాయని ఒక ఇంట్లో పాత టవల్ చుట్టి పైపులో కుక్కారు. తుపాను పోయింది, కరెంటు వచ్చింది, అందరూ ఇల్లు చక్కబెట్టుకునే పనిలో పడ్డారు. టవల్ మర్చిపోయారు. నన్ను పిలిచింది రెండు నెలల తర్వాత, 'డ్రయ్యర్ పాడైంది, కొత్తది కొనాలా' అని. వాళ్లను తప్పు పట్టను. ఆ రోజుల్లో ఎవరికి ఏం గుర్తుంది! తుపాను హెచ్చరిక వస్తే మీరూ మూయండి, తప్పకుండా మూయండి. కానీ మెషిన్ స్విచ్ మీద ఒక కాగితం అంటించండి, 'పైపు మూసి ఉంది' అని.

ఇక నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఇది చెప్పడానికే ముఖ్యంగా ఈ రోజు ఒప్పుకున్నాను.

పనిలో కొత్త. ఒక పెద్ద దంపతుల ఇంట్లో డ్రయ్యర్ తిరుగుతోంది కానీ వేడి రావట్లేదు. చూస్తే థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే కరెంటు తెంపేది, పోయింది. కొత్తది వేశాను. రెండు నెలలకు మళ్లీ పోయింది, మళ్లీ వేశాను. మూడోసారి పిలిచినప్పుడు వాన కురుస్తోంది, కొట్లో ఆ ఫ్యూజ్ దొరకలేదు, ఇంట్లో మంచం మీద రోగి ఉన్నారు, దుప్పట్లు ఆరాలి. నేను ఫ్యూజ్ లేకుండా వైరు డైరెక్ట్ చేసేశాను. రెండు రోజుల్లో ఫ్యూజ్ తెచ్చి వేస్తానన్నాను. ఆరో రోజు ఫోన్ వచ్చింది, పొగ వస్తోందని. దేవుడి దయ, ఆ సమయానికి ఆ ఇంటాయన ఇంట్లోనే ఉన్నారు, ప్లగ్ లాగేశారు. విప్పి చూస్తే ఫ్యాను చుట్టూ నూగు మాడి నల్లబడి ఉంది. వెనక పైపు చివరికంటా నిండిపోయి ఉంది. మూడుసార్లు వెళ్లాను, ఒక్కసారి కూడా ఆ పైపు విప్పి చూడలేదు.

ఫ్యూజ్ తన పని తాను చేసింది. గాలి ఆగితే వేడి లోపలే పోగవుతుంది. ముందు థర్మోస్టాట్ హీటర్‌ని ఆపుతూ, వేస్తూ నెట్టుకొస్తుంది. అందుకే మెషిన్ పైన చెయ్యి పెడితే కాలుతుంది, బట్ట మాత్రం వేడివేడిగా తడిగా ఉంటుంది. అదీ దాటితే ఫ్యూజ్ తనను తాను తెంపుకుంటుంది. మన ఇల్లు కాలకూడదని తెంపుకుంటుంది. నేను దాని నోరు మూశాను. ఆ రోజు నుంచి నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు ఒకటే షరతు: ఫ్యూజ్ పోయిన ఇంట్లో పైపు విప్పకుండా బయటికి రాకూడదు. మీరూ అడగండి. ఏ మెకానిక్ అయినా డైరెక్ట్ చేస్తానంటే వద్దనండి, బట్టలు ఆరకపోయినా ఫర్వాలేదనండి.

మొహమాటపడకండి, అడగండి.

(ఒక మహిళ: 'మరి పైపుదే తప్పని మాకెలా తెలుస్తుంది బాబూ? ప్రతిసారీ మిమ్మల్ని పిలవలేం కదా.')

తెలుస్తుందమ్మా. ప్లగ్ తీసి, మెషిన్ ముందుకు జరిపి, పైపుని మెషిన్ దగ్గర ఊడదీయండి. కిటికీలు బార్లా తెరవండి. తడి బట్టలు సగం డ్రమ్ము వేసి ఇరవై నిమిషాలు నడపండి, మీరు అక్కడే ఉండండి. వెనక నుంచి గాలి జోరుగా కొడుతూ బట్టలు తేలిగ్గా ఆరుతుంటే మెషిన్ మంచిదే, పైపు మూసుకుపోయింది. అప్పటికీ గాలి నీరసంగా వస్తుంటే జాలీ కానీ లోపలి ఫ్యాను కానీ చూడాలి. గాలి బాగా వచ్చి చల్లగా ఉంటే, అప్పుడు హీటర్ వైపు వెళ్దాం. ఈ పరీక్ష కరెంటు డ్రయ్యర్‌కే. హోటళ్లలో, లాండ్రీల్లో గ్యాస్ డ్రయ్యర్లు ఉంటాయి, వాటి పైపు ఊడదీసి నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది.

ఇంకా కచ్చితంగా కావాలంటే తూచండి. పెట్టెలు తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా. బట్టలు డ్రమ్ములో వేసే ముందు సంచిలో పెట్టి తూచండి, అరగంట తర్వాత మళ్లీ తూచండి. రెండు కిలోవాట్ల మెషిన్ అయితే అరకిలో పైన తగ్గాలి. పావుకిలో కూడా తగ్గలేదంటే గాలి ఆగినట్టే. రిపేరుకు ముందు, తర్వాత ఇలా తూచి చూపించమని మమ్మల్నే అడగండి. కాటా మాటకు ఎదురు చెప్పలేం.

జాలీ గురించి కూడా చెప్పేస్తాను. ప్రతిసారీ నూగు తీస్తున్నామంటారు, మంచిది. కానీ ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడేవాళ్ల జాలీ కంటికి శుభ్రంగానే ఉంటుంది, కన్నాలు మాత్రం కనబడని జిడ్డు పొరతో మూసుకుపోతాయి. కుళాయి కింద పట్టండి. నీళ్లు దిగిపోతే సరే. చెరువులా నిలబడితే గాలి కూడా అలాగే నిలబడుతోందన్నమాట. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్షుతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

(మరొకరు: 'మాది పైపు లేని మోడల్. నీళ్లు ట్యాంకులోకి వస్తాయి. మాకీ గొడవ లేదు కదా?')

ఉంది సార్, వేరే రూపంలో. మీది కండెన్సర్ రకం. ఆవిరిని లోపలే చల్లార్చి నీరు చేస్తుంది. చల్లార్చే రేకుల మధ్య నూగు పేరుకుంటే అదే కథ. కింద చిన్న తలుపు ఉంటుంది, తీసి చూడండి. ఊడి వచ్చే రకమైతే కుళాయి కింద కడగండి. హీట్ పంపు రకమైతే రేకులు వంగకుండా మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి. మీకు ఒక సులువైన గుర్తు ఉంది: ట్యాంకులో రోజూ వచ్చే నీళ్లు తగ్గాయంటే బట్టల్లో మిగిలిపోతున్నాయని అర్థం.

(వెనక నుంచి: 'మేం వంటింటి చిమ్నీ పైపులోకి కలిపేశాం. ఒకే కన్నంతో పనైపోయింది.')

సార్, అది ఈ రోజే విడదీయండి. చిమ్నీ పైపు లోపల నూనె జిడ్డు ఉంటుంది. దాని మీదికి మీరు దూది పంపిస్తున్నారు. నూనె, దూది, పక్కనే పొయ్యి. దీపం వెలిగించడానికి మనం ఒత్తి చేసేది ఈ రెంటితోనే కదా! విడదీసేదాకా డ్రయ్యర్ వేయకండి.

నూనె మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. తలంటుకు నువ్వుల నూనె రాసుకుని తుడుచుకున్న తువ్వాళ్లు, వంటింటి మసిగుడ్డలు డ్రయ్యర్‌లో వేయకండి. ఒక్క ఉతుకుకు నూనె పూర్తిగా పోదు. వేడెక్కిన నూనెగుడ్డలు కుప్పగా ఉంటే మెషిన్ ఆగాక కూడా వాటంతటవే ఇంకా వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని తాడు మీదే ఆరేయండి. డ్రయ్యర్ వేసి గుడికీ బజారుకీ వెళ్లడం, రాత్రి వేసి పడుకోవడం కూడా మానేయండి.

పైపు ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలని చాలామంది చీటీల మీద రాసిచ్చారు. ఏడాదికి కనీసం ఒకసారి. రోజూ వాడేవాళ్లు రెండుసార్లు: మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దసరా వెళ్లాక తుపానుల కాలంలో ఒకసారి. పొడవు పుల్లకు గుండ్రటి బ్రష్షు ఉన్నది దొరుకుతుంది. రెండు వైపుల నుంచీ తోయాలి. ఒక వైపు నుంచే తోస్తే నూగంతా ఎల్బోలో గట్టిగా దిమ్మలా కూరుకుపోతుంది.

(మూడో అంతస్తు నుంచి ఒక యువతి: 'మేం అద్దెకుంటున్నాం అండీ. గోడకు కన్నం పెట్టడానికి ఓనర్ ఒప్పుకోవట్లేదు. గ్లాసు లోపలే వదులుతున్నాం. ఏం చేయాలి?')

గోడ ముట్టుకోనక్కర్లేదమ్మా. స్లైడింగ్ కిటికీలో ఒక రెక్క గ్లాసు తీసి జాగ్రత్తగా దాచండి. దాని స్థానంలో అదే కొలతకు అల్యూమినియం షీటు, అందులో నాలుగు అంగుళాల కన్నం, బయట రేకు మూత. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్లాసు మళ్లీ పెట్టేయొచ్చు. మెషిన్‌ని కిటికీ కిందికి జరిపితే మూడడుగుల పైపు, ఒక్క మలుపుతో అయిపోతుంది. ఎత్తు, వెడల్పు కొలవాలి, టేపు నా దగ్గర ఉంది. ఇక్కడ టీలు తాగాక ముందు మీ ఇంటికే వస్తాను. నేను వచ్చేదాకా మెషిన్ వేయకండి. ఉతికిన బట్టలు కొన్ని తడిగానే ఉంచండి, తూచి చూద్దాం.